పరదేశమున పైకము మార్చుకొను విధము

యాత్రకు వెడలువానికి త్రోవ తెలిసియుండవలెను, తోడుండవలెను, చేత పైకముండవలెను. మొదటి రెంటినిగూర్చి మనవారు చాల విచారింతురు. మూడవదానినిగూర్చి మాత్రము, "పైకమున్నది గదా, యింక విచారమేమి?" యని యూరకుందురు. కాని మన రూపాయి దేశపుటెల్ల దాటినతోడనే యొక సరకగుచున్నది. సరకైనదానికి ధర యుండును. ధర యున్నచోట కొనువాడును, అమ్మువాడును, నడుమ లాభము దీయువాడును ఉందురు. ఈ సంగతి నెఱుగనివారు తమ కష్టార్జితములో కొంతభాగమును తమకు దెలియకయే పరులచేత విడిచి వచ్చుచున్నారు.

ఈ విషయము మన సీమవారికి దూరపు సంగతి గాదు. పూర్వపు కడపమండలములోని రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి యెందఱో స్త్రీపురుషులు కువైటు మొదలగు గల్ఫుదేశములకు బోయి జీవించుచున్నారు. వానలు కురియక, బావు లింకి, చేను పండని యేండ్లలో మఱియొక దారి తోచక యేగినవారే వీరిలో పెక్కుమంది. ఒకరు పరుల యింట వంట చేయుదురు, ఒకరు వాహనము నడుపుదురు, ఒకరు ఎడారిలో జీవముల గాతురు. వారు పంపు పైకముతోనే యిచ్చట అప్పు తీరుచున్నది, ఇల్లు లేచుచున్నది, పిల్లల చదువు సాగుచున్నది. అట్టి యిండ్లలో లెక్క తెలిసినవారు పాఠశాలలో చదువుకొను బాలబాలికలే. కావున ఈ వ్యాసము ముఖ్యముగ వారినుద్దేశించి వ్రాయబడుచున్నది. తలిదండ్రులును చదివించుకొని వినవలెనని మనవి.

ఏటి కవతల వేఱు రూపాయి

నాణెము మార్చుకొను కష్టము మనకు విమానములతో వచ్చిన క్రొత్తకష్టము గాదు. కర్నూలు పట్టణమునకు ప్రక్కనే తుంగభద్ర ప్రవహించుచున్నది. ఆ నదికి దక్షిణపుగట్టు చెన్నపురి రాజధానిలోనిది. ఉత్తరపుగట్టున నైజాము రాజ్యము, అందు ఆలంపురము, గద్వాల. దక్షిణమున చెల్లునది ఆంగ్లేయ ప్రభుత్వపు రూపాయి. దానిని జనులు కల్దారు రూపాయి యనిరి. ఉత్తరమున చెల్లునది నైజాము సొంత నాణెము, హాలీ సిక్కా. రెంటికిని పేరు రూపాయియే, కాని విలువ యొకటి కాదు. ప్రభుత్వపు లెక్కలలో 100 కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ సిక్కాగా కట్టుచుండిరి. అనగా 6 కల్దారులకు 7 హాలీలు సరిపోవును.

ఏటి కావల చుట్టమును చూడబోయినవాడును, సంతలో ఎద్దులు కొనబోయినవాడును ఈ లెక్కను తప్పించుకొనజాలడు. ఆరింటికి ఏడు చొప్పున మార్చువాడు తన శ్రమకు కొంత వట్టము పట్టుకొనును. పోవునపుడొకసారి, వచ్చునపుడు మిగిలినదానిపై మఱియొకసారి వట్టము పోవును. లెక్క తెలిసినవాడు తనకు గావలసినంతయే మార్చుకొనెడివాడు. తెలియనివాడు మూటయంతయు మార్చి, మిగిలినదానిని మఱల మార్చి, రెండువైపుల నష్టపడెడివాడు. 1948లో హైదరాబాదు భారతదేశమున గలిసినపిమ్మట 1950 నుండి మన రూపాయియు అచ్చట చెల్లసాగెను. హాలీ సిక్కా మాత్రము క్రమముగ తగ్గుచు 1959 వఱకు నిలిచియుండెను.

నేడు ఆ యేటి రెండుగట్లను ఒకటే రూపాయి చెల్లుచున్నది. అయినను నది దాటిన పూర్వుల లెక్కయే సముద్రము దాటు మనవారికిని వర్తించుచున్నది. నాణెములు మాఱినవి, దూరము పెరిగినది. వట్టము మాత్రము పోలేదు.

మన రూపాయి చెల్లిన ఎడారిదేశము

ఇప్పుడు కువైటుకు బోవువారు తప్పక దీనారులు సంపాదించుకొనవలసియున్నది. కాని యొకప్పుడు కువైటులో చెల్లిన నాణెము మన భారత రూపాయియే యని చెప్పిన పలువురు ఆశ్చర్యపడుదురు. ఆంగ్లేయుల యేలుబడిలో బొంబాయినుండి పారసీకసింధుశాఖ తీరమునకు వర్తకము మిక్కుటముగ సాగెను. ఆ తీరమునందలి కువైటు, బహ్రెయిను, కతారు మొదలగు దేశములవారు మన రూపాయలతోనే క్రయవిక్రయములు జరుపుకొనిరి.

మన దేశము స్వతంత్రమైన వెనుక నిందొక చిక్కు గలిగెను. ఆ దేశములనుండి బంగారమును దొంగతనముగ మన దేశమునకు దెచ్చి యమ్మి, వచ్చిన రూపాయలను అచ్చటికి గొనిపోయి, వానిని విదేశద్రవ్యముగ మార్చుకొనుట హెచ్చెను. అందువలన మన విదేశద్రవ్యనిధి తరుగజొచ్చెను. దీని నరికట్టుటకై భారత రిజర్వు బ్యాంకు 1959లో ఆ దేశములకు మాత్రమే చెల్లునట్టి ప్రత్యేకపు నోట్లను అచ్చొత్తించెను. వాని రంగులు వేఱు. సంఖ్యకు ముందు జెడ్ అను ఆంగ్లాక్షరము ముద్రింపబడియుండెను. వానిని జనులు గల్ఫు రూపాయి యనిరి.

1961 ఏప్రిలులో కువైటు తన సొంత దీనారును ప్రవేశపెట్టెను. అప్పుడు ఒక దీనారుకు కట్టిన విలువ పదుమూడున్న మూడవవంతు రూపాయలు. 1966 జూన్ 6వ తేదీన మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించెను. అంతకుముందు ఒక అమెరికా డాలరుకు 4 రూపాయల 76 పైసలుండగా, ఆనాడది 7 రూపాయల 50 పైసలాయెను. తమ పెట్టెలలోని రూపాయల విలువ ఒక్కనాడు తగ్గుట చూచి, అప్పటికిని గల్ఫు రూపాయిని వాడుచున్న కతారు మొదలగునవియు దానిని విడిచెను.

ఈ చరిత్రవలన రెండు సంగతులు తెలియును. ఒక దేశపు నాణెము మఱియొక దేశమున చెల్లుట ఆయా ప్రభుత్వముల యిష్టముపై నాధారపడియుండును. విలువయు నిలుకడగా నుండదు. మన రూపాయి 1993 నుండి బజారుధర ననుసరించి దినదినము హెచ్చుచు తగ్గుచు నున్నది. కువైటు దీనారు 2007 నుండి కొన్ని దేశముల నాణెముల సముదాయమునకు ముడివేయబడియున్నది. సౌదీ రియాలు, ఎమిరేట్ల దిర్హము డాలరునకే ముడివడియున్నవి. కావున వీనికెదురుగ రూపాయి ధర చాలవఱకు డాలరు నడకను బట్టి మాఱుచుండును.

కొనుధర, అమ్ముధర

ఇక లెక్కకు వత్తము. వార్తాపత్రికలో ఒక దీనారుకు 280 రూపాయలని చూచితి మనుకొందము. ఇది లెక్కకొఱకు చెప్పిన ధర. నిజమైన ధర ఆనాటిని బట్టి చూచుకొనవలెను. నాణెములు మార్చు దుకాణమునకు బోయినచో ఈ 280 రూపాయల ధర యెవరికిని దొరకదు. వారియొద్ద రెండు ధరలుండును. మనకు దీనారు నమ్మునపుడు 284 రూపాయలు తీసికొందురు. మన దీనారును కొనునపుడు 276 రూపాయలే యిత్తురు. ఈ రెంటి నడుమనున్న యంతరమే వారి జీవనము.

ఒకడు 28,400 రూపాయలిచ్చి 100 దీనారులు కొనెను. అంతలో ప్రయాణమాగిపోయెను. వెంటనే యా 100 దీనారులను అదే దుకాణములో నిచ్చివేసిన, వానికి వచ్చునది 27,600 రూపాయలు. అతడేమియు తినలేదు, ఏమియు కొనలేదు, గడపయైనను దాటలేదు. అయినను 800 రూపాయలు వ్యయమైనవి. ఇదియే పూర్వము తుంగభద్రగట్టున పోయిన వట్టము.

కొన్ని దుకాణములమీద "మేము రుసుము పుచ్చుకొనము" అని పెద్దయక్షరములతో వ్రాసియుండును. దానిని చూచి సంతోషింపరాదు. రుసుము పుచ్చుకొననివాడు ధరలోనే తన లాభమును దాచుకొనియుండును. విమానాశ్రయములలోని దుకాణములందు ఈ యంతరము సామాన్యముగ మిక్కిలి హెచ్చు. ఏలయనగా అచ్చటికి వచ్చువాడు తొందరలో నుండును, వేఱొక దుకాణమునకు బోజాలడు. కావున అచ్చట నొకపూట భోజనమునకును, బండికూలికిని చాలినంత మాత్రము మార్చుకొని, మిగిలినది ఊరిలో మార్చుకొనుట మేలు.

నాణెము విలువ గొప్పదైనంతమాత్రమున ఆ దేశమున జీవనము సులభమని తలపరాదు. జపానుదేశపు యెన్ ఒకటి మన రూపాయికన్న తక్కువ ధర పలుకును. అంతమాత్రమున జపాను పేదదేశము కాదు. దీనారు పెద్దది గనుక కొంచెము ఖర్చుపెట్టినను చాల పోవును. ఒక దీనారుకు వేయి ఫిల్సులు. 100 ఫిల్సుల బిళ్ల చేతిలో చిల్లరవలె గనబడును. కాని పై ధర ప్రకారము దాని విలువ 28 రూపాయలు. క్రొత్తగ బోయినవారు దానిని మన రూపాయిబిళ్లవలె నెంచి లక్ష్యము చేయరు. మఱియు ధరను 1.250 అని వ్రాసినచో అది పండ్రెండువందల యేబది దీనారులు గాదు; ఒక దీనారు, 250 ఫిల్సులు. మనము చుక్కకు పిమ్మట రెండంకెలు వ్రాయుదుము, వారు మూడు వ్రాయుదురు. ఈ భేదమును ముందుగనే నేర్చుకొనిన మోసపోరు.

బయలుదేఱుటకు ముందు

విదేశద్రవ్యమును బ్యాంకులయందుగాని, భారత రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన దుకాణములయందుగాని మాత్రమే కొనవలెను. బస్సుస్థలమునొద్ద నెవరో వచ్చి మంచిధర యిత్తుమన్న వారి మాటలు వినరాదు. అందు దొంగనోట్ల భయమును, చట్టభయమును గలవు. కొన్నపుడు రసీదు తప్పక తీసికొని భద్రపఱచవలెను. మిగిలిన ద్రవ్యమును మఱల మార్చునపుడు దానితో పనియుండును.

మన దేశపు నిబంధనలలో ముఖ్యమైనవి కొన్ని చెప్పుచున్నాను. చాల దేశములకు బోవునపుడు ఒక ప్రయాణమునకు 3,000 అమెరికా డాలర్ల విలువకు మించని నోట్లను రొక్కముగ తీసికొనిపోవచ్చును. అంతకుమించి కావలసినది కార్డుమీదనో మఱియొక రూపముననో తీసికొనవలెను. మన రూపాయినోట్లను 25,000 వఱకు వెంట గొనిపోవచ్చును. ఇవి తిరిగి వచ్చినపుడు విమానాశ్రయమునుండి యిల్లుచేరుటకు మిక్కిలి యక్కఱకు వచ్చును. దుకాణమున విదేశద్రవ్యము కొనునపుడు 50,000 రూపాయలకు లోబడి మాత్రమే రొక్క మీయదగును. హెచ్చైనచో బ్యాంకుద్వారా చెల్లింపవలెను. తిరిగి వచ్చునపుడు 5,000 డాలర్లకు మించిన విదేశపు నోట్లు చేతనున్నచో సుంకపుటధికారులకు వ్రాసి తెలుపవలెను. యాత్ర ముగించినవారు మిగిలిన విదేశద్రవ్యమును 180 దినములలోపల బ్యాంకున కీయవలెను. 2,000 డాలర్లవఱకు తమయొద్ద నుంచుకొనవచ్చును. నిబంధనలు అప్పుడప్పుడు మాఱుచుండును గనుక బయలుదేఱుటకు ముందు బ్యాంకున మఱల విచారించుకొనుట యుక్తము.

పైకమునంతను ఒకేచోట నుంచరాదు. కొంత జేబులో, కొంత పెట్టెలో, కొంత కార్డుమీద నుండవలెను. ఒకటి పోయినను మఱియొకటి కాపాడును.

రొక్కపు యంత్రము

ఏ.టి.ఎం. అను రొక్కపు యంత్రమును మనవారు చక్కగ నెఱుగుదురు. మన బ్యాంకు కార్డును పరదేశపు యంత్రమున నుంచి, ఆ దేశపు నోట్లను దీసికొనవచ్చును. ఇది సౌకర్యమైనదే కాని ఉచితము గాదు.

మొట్టమొదట, కార్డు పరదేశమున పనిచేయునో లేదో చూచుకొనవలెను. 2020 నుండి రిజర్వు బ్యాంకు ఆజ్ఞప్రకారము క్రొత్తకార్డులు స్వదేశమున మాత్రమే పనిచేయునట్లు ఇయ్యబడుచున్నవి. పరదేశమున వాడదలచినవారు బ్యాంకునకు తెలిపి దానిని తెఱపించుకొనవలెను. ఈ పని చేయక విమానమెక్కినవాడు, ఖాతానిండ పైకముండియు, పరాయియూర చేత చిల్లిగవ్వ లేక నిలువవలసి వచ్చును. బ్యాంకువారు పంపు రహస్యసంఖ్య యే ఫోనుకు వచ్చునో, ఆ ఫోను అక్కడ పనిచేయునో లేదో యనునదియు విచారింపదగినదే.

రెండవది, వ్యయము. యంత్రమునుండి 20 దీనారులు దీసితిమనుకొందము. 280 చొప్పున 5,600 రూపాయలు. దీనిపై మన బ్యాంకు నాణెము మార్చినందులకు సామాన్యముగ నూటికి రెండు మొదలు మూడున్నర రూపాయలవఱకు గట్టును. మూడున్నర యైనచో 196 రూపాయలు. ఇదిగాక తీసినప్పుడెల్ల నొక నిర్ణీతపు రుసుమును బ్యాంకు పుచ్చుకొనవచ్చును. ఆ యంత్రము గల బ్యాంకువారు తమ రుసుమును వేఱుగ గోరవచ్చును. నిర్ణీతపు రుసుము ఎంత తీసినను ఒకటే గనుక, పలుమాఱులు కొంచెము కొంచెము తీయుటకంటె, కావలసినదానిని లెక్కించుకొని యొక్కమాఱే తీయుట లాభము. అప్పుకార్డుతో, అనగా క్రెడిట్ కార్డుతో, రొక్కము తీయుట యెన్నడును తగదు. ఆనాటినుండియే వడ్డి నడచును.

మూడవది మిక్కిలి ముఖ్యము. కొన్ని యంత్రములు, దుకాణములలోని కార్డుపెట్టెలును, "మీ రూపాయలలో లెక్కకట్టమందురా, ఈ దేశపు నాణెములో లెక్కకట్టమందురా?" యని యడుగును. పరదేశమున రూపాయి యను మాట కనబడగనే మనవారికి ప్రాణము లేచివచ్చినట్లగును. వెంటనే రూపాయిని నొక్కుదురు. అది పొరపాటు. రూపాయిని కోరుకొన్నచో ధరను నిర్ణయించువాడు ఆ యంత్రముగలవాడే యగును. అతడు దీనారుకు 294 కట్టెననుకొనుడు. 20 దీనారులకు 5,880 రూపాయలగును. బజారుధరకంటె 280 హెచ్చు. కొన్ని బ్యాంకులు తమ రుసుమును అప్పటికిని విడువవు. కావున ఎల్లప్పుడును ఆ దేశపు నాణెమునే కోరుకొనవలెను. ఈ యొక్కమాటను జ్ఞాపకముంచుకొన్నను ఈ వ్యాసము చదివిన శ్రమ వ్యర్థము గాదు.

ఇంటికి పంపునపుడు

యాత్రికుడు మన నాణెమును పరదేశపు నాణెముగ మార్చును. కువైటులో పనిచేయు తల్లి దానికి మాఱుగ దీనారును రూపాయిగ మార్చి యింటికి పంపును. లెక్క యొకటే, కాని యామెకిది నెలనెలకు వచ్చు లెక్క.

ఆ యూర రెండు దుకాణములున్నవనుకొందము. మొదటివాడు ఒక దీనారు రుసుము పుచ్చుకొని దీనారుకు 279 రూపాయల ధర యిచ్చును. రెండవవాడు రుసుము లేదనుచు 275 రూపాయల ధర యిచ్చును. తల్లిచేత 100 దీనారులున్నవి. మొదటివానియొద్ద రుసుము పోగా మిగిలిన 99 దీనారులకు 27,621 రూపాయలు వచ్చును. రెండవవానియొద్ద 100 దీనారులకు 27,500 రూపాయలు. రుసుము లేదన్నవాడే 121 రూపాయలు హెచ్చుగ దీసికొనెను. నెలకు 121 అయిన సంవత్సరమునకు 1,452 రూపాయలు. బిడ్డ పుస్తకములకు పనికివచ్చు సొమ్మిది.

అట్లని యెల్లప్పుడును మొదటివానియొద్దకే పోవలెనని కాదు. ఆమె 20 దీనారులే పంపదలచినచో, మొదటివానియొద్ద 19 దీనారులకు 5,301 రూపాయలు. రెండవవానియొద్ద 20 దీనారులకు 5,500 రూపాయలు. ఇప్పుడు రెండవవాడే మేలు. ఈ ధరలనుబట్టి లెక్కించిన, సుమారు 70 దీనారులకు మించినచో మొదటివాడును, లోపలనైనచో రెండవవాడును లాభకరులు. పైతరగతుల విద్యార్థులు బీజగణితముచే ఈ 70 ఎట్లు వచ్చినదో తామే కట్టి చూచుకొనవలెను.

కావున దుకాణమునకు బోయినపుడు "రుసుమెంత? ధరయెంత?" యని విడివిడిగ నడిగి తికమకపడనేల? "నేను మీచేతిలో నింత పెట్టిన, మాయింటి ఖాతాలో నెన్ని రూపాయలు పడును?" అను నొక్క ప్రశ్న చాలును. దానికి వచ్చిన యుత్తరములను రెండుమూడు దుకాణములలో పోల్చి చూచిన సత్యము తేలును.

హవాలాయను రహస్యపు త్రోవనుగూర్చి ఒక మాట. పూర్వము మన వర్తకులు హుండీ వ్రాసి యొకయూరి పైకమును మఱియొకయూర నిప్పించెడివారు. అది నమ్మకమైన వ్యాపారపద్ధతి. నేటి హవాలా యట్టిది గాదు. 1999 నాటి విదేశద్రవ్యచట్టమునకు విరుద్ధము. రసీదుండదు, బ్యాంకులెక్కలో జేరదు. నడుమవాడు సొమ్ము మ్రింగినచో ఫిర్యాదు చేయుట కాధారముండదు. నాలుగు రూపాయల యాశకు ఏడాది కష్టమును నీళ్లపాలు చేసికొనరాదు.

1990వ సంవత్సరపు పాఠము

ఇంతవఱకు కొంచెము కొంచెముగ పోవు నష్టమును జెప్పితిమి. ఒక్కనాడే యంతయు పోయిన సందర్భమును గలదు. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సేనలు కువైటును ఆక్రమించెను. లక్షకు మించిన భారతీయులు అందు చిక్కుకొనిరి. పెక్కుమంది ఎడారిత్రోవను జోర్డాను రాజధానియగు అమ్మానును జేరి, అచ్చటినుండి ఎయిర్ ఇండియా విమానములలో స్వదేశమునకు వచ్చిరి. చరిత్రలో పేరుగన్న ఆ తరలింపునుగూర్చి మనవారు గర్వముతో జెప్పుకొందురు. కాని అట్లు వచ్చినవారి సంచులలోని దీనారుల సంగతి యేమి?

ఆక్రమణకాలమున ఇరాకు ప్రభుత్వము కువైటు దీనారును రద్దుచేసి తన దీనారునే చెల్లుబడి చేసెను. కువైటు కేంద్రబ్యాంకులోని నోట్లు కొల్లగొనబడెను. దినమునకు ముందు ప్రపంచమున కెల్ల విలువైన నాణెము అకస్మాత్తుగ తీసికొనువారు లేని కాగితమాయెను. 1991 ఫిబ్రవరిలో కువైటు విముక్తి పొందినపిమ్మట, మార్చి 24వ తేదీన ఆ ప్రభుత్వము క్రొత్తనోట్లను వెలువరించి పాతవానిని వెనుకకు దీసికొనెను. కొల్లగొనబడిన సంఖ్యలుగల నోట్లు చెల్లవని ప్రకటించెను.

మన రూపాయికిని ఇట్టి సందర్భము గలిగెను. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల పాతనోట్లు రద్దాయెను. పరదేశములలోనున్న మనవారు తిరిగి వచ్చినపుడు పనికివచ్చునని పెట్టెలలో దాచుకొనిన నోట్లను మార్చుకొనుటకు మఱునటి సంవత్సరము జూన్ నెలాఖరు వఱకు గడువిచ్చిరి. అదియును 25,000 రూపాయల పరిమితికి లోబడి. ఆ లోపల రాజాలనివారికి ఆ నోట్లు జ్ఞాపకచిహ్నములుగ మిగిలెను.

ఈ రెంటివలన తెలియునదేమనగా, నోటు అనునది యొక ప్రభుత్వపు మాట. ఆ మాట నిలిచినంతకాలమే దానికి విలువ. కావున ఆర్జించిన ద్రవ్యమును పరదేశమున పెట్టెలో దాచి పెంచుటకంటె, ఎప్పటిదప్పుడు తన పేరనున్న బ్యాంకుఖాతాకు పంపుకొనుట క్షేమకరము. ధర రేపు హెచ్చునేమో యని నెలలతరబడి వేచియుండుటయు తెలివి గాదు. ధర హెచ్చవచ్చును, తగ్గవచ్చును. అప్పుమీద వడ్డి మాత్రము ప్రతిదినము హెచ్చుచునే యుండును.

విద్యార్థులకు

బాలబాలికలారా! మీ పాఠపుస్తకములలో శాతములును, నిష్పత్తులును, లాభనష్టములును గలవు. అవి పరీక్షకొఱకే యని కొందఱు తలచుచున్నారు. మీలో ననేకుల యిండ్లలో ఆ లెక్కలు ప్రతినెలయు జరుగుచునే యున్నవి. సముద్రమున కవతలనున్న మీ తల్లికిగాని తండ్రికిగాని అక్షరము రాకపోవచ్చును. యంత్రముమీది మాటలు తెలియకపోవచ్చును. ఫోనులో పలుకరించినపుడు, "అమ్మా, ఈనెల యెంత పంపుచున్నావు?" అని మాత్రమే యడుగకుడు. "అమ్మా, నీవు తిన్నావా?" యని మొదట నడుగుడు. పిమ్మట, "అక్కడ ఎంత కట్టితివి? ఏ దుకాణమున? రసీదు మీద నేమున్నది చదివించి చెప్పుమా" యని యడిగి, యిక్కడ కాగితముమీద లెక్క వేసి, ఖాతాలో పడినదానితో సరిచూడుడు. పొరపాటున్న మెల్లగ తెలుపుడు. ఎక్కడ నష్టము కలిగినదో కనుగొనినచో మఱునటి నెల అది మిగులును.

ఇట్లు చేయుటకు సొమ్ము వ్యయము గాదు. పలకయు బలపమును చాలును. ఏ యెడారియెండలో వారు శ్రమించి సంపాదించిరో, ఆ శ్రమలో నొక ఫిల్సైనను దారిలో వ్యర్థముగ జాఱకుండ కాచుట మీరు చదువుకొనిన చదువునకు దగిన పని. తుంగభద్ర దాటిన మీ తాతలు ఆరింటికి ఏడని లెక్క నేర్చిరి. సముద్రము దాటిన మీవారికొఱకు మీరును మీ లెక్కను నేర్వవలెను.